పికప్ వెనక బాడీలో ట్యాంకు: మన బండికి పనికొస్తుందా?



అమెరికాలో పాత పికప్ ట్రక్కుల కంపెనీ ట్యాంకులు తీసేసి, వెనక బాడీలో 'ఫ్యూయల్ సెల్' బిగించుకుంటుంటారు. "మా బండి ట్యాంకు తుప్పు పట్టింది, మనమూ అట్ల చేసుకోవచ్చా?" అనుకునేవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

*వాళ్లెందుకు మారుస్తారు?*
1973 నుంచి 1987 దాకా వచ్చిన జనరల్ మోటార్స్ పెద్ద పికప్‌లలో ట్యాంకు ఛాసిస్‌కు బయటి పక్కన ఉండేది. కొన్నిటికి రెండు పక్కలా రెండు. పక్కనుంచి ఇంకో బండి గుద్దితే ట్యాంకు చితికి మంటలు లేస్తాయని పెద్ద వివాదమైంది. 1994లో ఆ కంపెనీ ప్రభుత్వంతో రాజీకొచ్చి, భద్రతా పనులకు 5 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చేందుకు ఒప్పుకుంది. బండ్లను మాత్రం వెనక్కి పిలవలేదు. అందుకే కొందరు తామే ట్యాంకు మార్చుకుంటారు.

*ఫ్యూయల్ సెల్ అంటే?*
హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించేది కాదు. రేసు కార్ల ట్యాంకు ఇది. పైన గట్టి పెట్టె, లోపల చిరగని రబ్బరు సంచి, దాంట్లో స్పాంజి. బండి బోల్తాపడినా పెట్రోలు చిమ్మదు. అయితే చవకగా దొరికేవాటిలో సంచి ఉండదు, వట్టి డబ్బా, స్పాంజి, అంతే. స్పాంజి కూడా ఏళ్లు గడిస్తే పొడిపొడిగా రాలి ఫిల్టరును మూసేస్తుంది.

*బిగించడంలో చిక్కులు*
▪️ ట్యాంకు ఇంజను కంటే ఎత్తులో ఉంటే, పైపు తెగినప్పుడు ఇంజను ఆపినా కారుతూనే ఉంటుంది.
▪️ డీజిల్ బండికి మిగిలిన డీజిల్ తిరిగొచ్చే పైపు కూడా కావాలి.
▪️ కొత్త ట్యాంకు మీటరుకు సరిపడకపోతే ముల్లు తప్పు చూపిస్తుంది.
▪️ రేకుకు బిగిస్తే గుద్దుకున్నప్పుడు ఊడొస్తుంది, ఛాసిస్‌కే బిగించాలి.

*మన సంగతి*
వాళ్ల బాడీ చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. మన బాడీలో పొద్దున ఆకు, మార్కెట్ రోజు గూళ్లు. పురుగు వాసన పట్టే ఆకు దగ్గరికి పోతుంది. డీజిల్ తగిలిన ఆకు తెచ్చి వేస్తే ఒక పంటంతా పణంగా పెట్టినట్టే. గూటి మీద నూనె మరక పడితే ధర కూడా పడుతుంది.

పైగా, కంపెనీ ఇచ్చిన రూపానికి, ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. రేపు ప్రమాదమైతే ఇన్సూరెన్స్ దగ్గర చిక్కు రావచ్చు.

కాబట్టి మేం చెప్పేది ఒక్కటే. ట్యాంకు తుప్పు పడితే అదే మోడల్ ట్యాంకు, అదే చోట వేయించండి.

*ఇంకో మాట:* పంపుసెట్టు కోసం డీజిల్ క్యాను తెస్తే ఆకుతో, గూళ్లతో కలిపి పెట్టొద్దు. బంకులో క్యానును బాడీలోనే ఉంచి నింపించొద్దు, కింద నేల మీద దించి నింపించండి. బాడీలో పరిచిన ప్లాస్టిక్ పట్ట మీద క్యానుకు కరెంటు చేరి, ఒక్క నిప్పురవ్వ లేస్తే చాలు, పెట్రోలైతే భగ్గుమంటుంది.

ఆకు తెచ్చే ముందు బాడీ ఒకసారి కడగడం మరిచిపోకండి.