చక్రాలను త్రిప్పని యంత్రం

కాజీపేట నుంచి బల్లార్షా పోయే రైలుదారి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల మీదుగా, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి దాటి పోతుంది. 1929లో ఇది పూర్తి కావడంతో మద్రాసుకూ ఢిల్లీకీ నేరుగా రైళ్ళు నడిచే వీలు కలిగింది. అప్పుడు బండ్లను లాగినవి ఆవిరి ఇంజన్లు. అవి బొగ్గుబండిని లాగుతూ, తామూ బొగ్గునే తినేవి.

1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి మన దేశానికి కొత్తరకం డీజిలు ఇంజన్లు వచ్చాయి. వాటి పేరు డబ్ల్యు.డి.ఎం.2. ఇందులో 'డబ్ల్యు' అంటే బ్రాడ్‌గేజి; 'డి' అంటే డీజిలు; 'ఎం' అంటే ప్రయాణికుల బండినీ, సరుకుల బండినీ కూడా లాగేది; '2' అంటే రెండవ రకం. 1964 నుంచి వీటిని వారణాసి కర్మాగారంలో మనవాళ్ళే తయారుచేశారు. కాజీపేట షెడ్డులోనూ ఇవి ఉండేవి.

ఈ ఇంజను పొట్టలో 16 సిలిండర్ల డీజిలు యంత్రం ఉంటుంది. దాని బలం 2,600 అశ్వశక్తి. మరి చక్రాలను త్రిప్పేది అదేనా? కాదు! ఎందుకో చూద్దాం.

డీజిలు యంత్రం తిరుగుతూ ఉంటేనే బలం ఇస్తుంది. ఊరికే ఉన్నప్పుడు కూడా ఇది నిమిషానికి 400 చుట్లు తిరగాలి. మరీ నెమ్మదిస్తే ఆగిపోతుంది. కాని నిలిచి ఉన్న బొగ్గుబండిని కదిలించాలంటే, చక్రం ఒక్క చుట్టు తిరగకముందే గొప్ప బలం కావాలి. బరువెక్కిన ఎడ్లబండిని చూడండి. కదిలేదాకానే ఎడ్లకు కష్టం, కదిలాక సులువు. "లారీకి మల్లే క్లచ్చి పెట్టవచ్చు కదా!" అంటారేమో. వేల టన్నుల బరువు లాగేటప్పుడు అట్టి క్లచ్చి ఒరిపిడికి కాలిపోతుంది.

అందుచేత డీజిలు యంత్రం ఒక జనరేటరును త్రిప్పుతుంది. అక్కడ పుట్టిన విద్యుత్తు, ఇరుసుల దగ్గర ఉన్న ఆరు మోటార్లకు చేరుతుంది. ఆ మోటార్లే చక్రాలను త్రిప్పుతాయి. నిలిచి ఉన్నప్పుడే ఆ మోటార్ల లాగుడుబలం ఎక్కువ. వేగం పెరిగేకొద్దీ తగ్గుతుంది. బండికి కావలసిందీ అదే! ఇలా చుట్టు తిరిగి రావడంలో కొంత శక్తి వేడిగా పోతుంది. అయినా బండి కదిలే ఉపాయం దొరికింది.

1980ల చివర ఈ దారిలో కరెంటు తీగలు వేశారు. ఇప్పుడు బండ్లను లాగే కరెంటు ఇంజన్లలోనూ చక్రాలను త్రిప్పేవి మోటార్లే. జనరేటరు మాత్రం ఇంజను దిగి, దూరాన విద్యుత్కేంద్రంలో కూర్చున్నది. రామగుండంలో అట్టి పెద్ద కేంద్రం ఒకటి ఉన్నది. అది దేనితో నడుస్తుందో తెలుసా? బొగ్గుతో!

ఈసారి స్టేషనులో సరుకుల బండి కదిలేటప్పుడు మీ తమ్ముడినో చెల్లెలినో అడగండి: "ఆ చక్రాలను త్రిప్పేది ఏది?" అని. జవాబు మీరే చెప్పగలరు.