మా తాత రేడియో ఎందుకు మూగబోయింది?

ట్రాన్స్‌ఫార్మర్ గురించి మేడమ్ చెప్పినప్పుడు నాకు తలకెక్కలేదు. వేసవి సెలవుల్లో తాత రేడియో బాగుచేయించాక అర్థమయ్యింది. అందుకే రాస్తున్నాను.

మా తాత అడవి బంగళాలో వాచరుగా చేశాడు. ఒక ఆఫీసరుగారు బదిలీ అయి వెళ్తూ తన వాల్వు రేడియో తాతకి ఇచ్చేశారట. కర్ర పెట్టె, లోపల గాజు వాల్వులు. స్విచ్ వేశాక వాల్వులు వేడెక్కేదాకా ఆగాలి, అప్పుడు గానీ మాట రాదు. తాతకి చదువు రాదు. లోకం సంగతులన్నీ అందులోనే విన్నాడు.

రెండేళ్ల కిందట అది మూగబోయింది. దీపం వెలుగుతుంది, శబ్దం లేదు. టౌనులో ఒక షాపాయన ట్రాన్స్‌ఫార్మర్ పోయిందని కొత్తది వేసి 600 రూపాయలు తీసుకున్నాడు. అది చింతపండు అమ్మిన డబ్బు. ఇరవై రోజులు పలికి మళ్లీ ఆగిపోయింది. పారెయ్యమన్నారు ఇంట్లో. తాత ఏమీ అనకుండా గుడ్డ కప్పి అటక మీద పెట్టాడు.

ఈ వేసవిలో సంత ఊరిలో ఇంకో ముసలి మెకానిక్ ఉన్నాడని తెలిసింది. రేడియోని గోనెసంచిలో చుట్టి జీపులో తీసుకెళ్లాం. ఆయనకి చూపు తక్కువ. "మీటరు నువ్వు సూడు గుంటా, అంకెలొచ్చు కదా" అన్నాడు. మా ఇంట్లో అంకెలొచ్చింది నాకే మొదట.

చివరి వాల్వుకీ స్పీకరుకీ మధ్య ఉండేదే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. వాల్వు ఎక్కువ వోల్టేజీతో కొద్ది కరెంటు ఇస్తుంది. స్పీకరుకి తక్కువ వోల్టేజీ, ఎక్కువ కరెంటు కావాలి. మా రేడియోలో చివరి వాల్వు ఇ.ఎల్.84. దానికి సుమారు 5000 ఓముల భారం కావాలి, స్పీకరేమో 4 ఓములు. భాగిస్తే 1250, దాని వర్గమూలం సుమారు 35. అంటే స్పీకరు వైపు 1 చుట్టుకి వాల్వు వైపు 35 చుట్లు. వర్గమూలం ఎందుకంటే, వోల్టేజీ 35 రెట్లు తగ్గినప్పుడు కరెంటు 35 రెట్లు పెరుగుతుంది కాబట్టి. లెక్కల్లో వర్గమూలం ఎందుకు నేర్చుకోవాలో నాకు ఆ రోజే తెలిసింది!

ప్లగ్గు పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో షాకు మిగిలి ఉంటుంది. ఆయన ముందు దాన్ని రెసిస్టర్ పెట్టి దించేశాడు. తర్వాతే నన్ను మీటరు పెట్టనిచ్చాడు. వాల్వు వైపు చుట్ట కొన్ని వందల ఓములు చూపాలి. ముల్లు కదలలేదు. తీగ లోపల తెగింది. ఇలా తెగితే రేడియో వెంటనే ఆపెయ్యాలట. లేకపోతే వాల్వులో స్క్రీన్ గ్రిడ్ ఒక్కటే కరెంటంతా లాగి ఎర్రగా కాలి, వాల్వు కూడా పోతుంది.

"పోయిందేటో అందరూ సూత్తారు. పోగొట్టిందేటో సూడాల" అని ఆయన ఒక చిన్న కెపాసిటర్ చూపించాడు. ముందు వాల్వు నుంచి చివరి వాల్వు గ్రిడ్‌కి పాట దాని గుండానే వస్తుంది. అది పాటని వదిలి, డి.సి. వోల్టేజీని ఆపాలి. పాత కాగితం కెపాసిటర్‌కి తేమ పడితే డి.సి. కారుతుంది. (మన వానలు తెలుసు కదా!) గ్రిడ్ పాజిటివ్ అయి వాల్వు మితిమీరి కరెంటు లాగుతుంది. అదంతా ట్రాన్స్‌ఫార్మర్ సన్న తీగలోంచే పోవాలి, మాడిపోతుంది. షాపాయన దీన్ని మార్చలేదు. అందుకే కొత్తదీ మాడింది.

తెగింది బయటి కొస దగ్గరైతే అతుకు వేసేవాళ్లమే. లోపల కాబట్టి మళ్లీ చుట్టాలి. పాత తీగ విప్పుతుంటే నేను లెక్కపెట్టాను, వంద చుట్లకి ఒక చింతగింజ. 28 గింజలయ్యాయి. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు, తింటే లెక్క పోతుందని. అదే మందం తీగ, పొరల మధ్య కాగితం, పైన వార్నిష్. ఇనుప రేకుల్లో ఇ ఆకారంవి అన్నీ ఒక వైపు, ఐ ఆకారంవి ఇంకో వైపు పెట్టి మధ్యలో పల్చని కాగితం ఉంచాడు. ఆ సందు లేకపోతే డి.సి. వల్ల ఇనుము అయస్కాంతశక్తితో నిండిపోయి పాట గరగరమంటుందట.

కెపాసిటర్ మార్చి, కరెంటు పెట్టి ఆయనే కొలిచాడు. లోపల 250 వోల్టులు, నన్ను ముట్టుకోనివ్వలేదు. గ్రిడ్ మీద దాదాపు సున్నా, కాథోడ్ మీద 7 వోల్టులు. సరిపోయింది.

రాత్రి ఇంట్లో స్విచ్ వేశాం. ఎవరూ మాట్లాడలేదు. కొంచెం గుయ్‌మని, తర్వాత పాట వచ్చింది. మా నాన్నమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. తాత చాలాసేపు అలాగే కూర్చుని, "సౌండు తగ్గించే, పక్కింటోళ్లు పడుకున్నారు" అన్నాడు.