బండి బాగుంది... భరోసా ఏదీ?

* అమెరికా కార్లపై సరిహద్దులో తీరని మోజు
* నాణ్యత పెరిగాకే మూతపడిన కర్మాగారం
* 2029లో మళ్లీ మొదలుకానున్న ఇంజిన్ల తయారీ

తిరుత్తణి: కొత్త కారు కొంటే ముందు కొండకు పట్టుకెళ్లి పూజ చేయించడం తిరుత్తణి చుట్టుపక్కల వాళ్లకు అలవాటు. ముందు భాగానికి పూలదండ, అద్దానికి పసుపు కుంకుమ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. సుబ్రహ్మణ్యస్వామికి దండం పెట్టుకుని బండి కదిలిస్తే సగం భయం పోయినట్టే. ఒకప్పుడు ఇలా పూజకొచ్చే కొత్త బండ్లలో నీలం రంగు కోడిగుడ్డు గుర్తుతో ఫోర్డ్ కార్లూ ఉండేవి. ఇప్పుడా గుర్తుతో కొత్త బండి రావడం లేదు. 2022 జులై తర్వాత మన దేశంలో ఫోర్డ్ కారు తయారు కాలేదు.

అయినా చెన్నై-తిరుపతి రోడ్డులో కాసేపు నిలబడితే చాలు. ఇకోస్పోర్ట్‌లు, ఫిగోలు, ఎండీవర్‌లు ఇంకా పరుగులు తీస్తూనే కనిపిస్తాయి. బండి ఎలా ఉందని అడిగితే ‘బాగుంది’ అనే మాటే వస్తుంది. మరి ఇంకొకరిని కొనమంటారా అంటే మాత్రం ‘ఆలోచించుకోవాల’ అంటారు. ఈ రెండు మాటల మధ్యే ఉంది అమెరికా కార్ల కథంతా.

మొదటి రాక... మొదటి పోక

అమెరికా కంపెనీలు మన దేశానికి రావడం నిన్నా మొన్నటి ముచ్చట కాదు. జనరల్ మోటార్స్ 1928లోనే బొంబాయిలో కార్లు బిగించడం మొదలుపెట్టింది. ఆ వెనకే ఫోర్డ్ కూడా బొంబాయి, కలకత్తాలతో పాటు మద్రాసులోనూ షెడ్డు వేసింది. విడిభాగాలు ఓడలో తెచ్చి ఇక్కడ బిగించి అమ్మేవారు.

స్వాతంత్య్రం వచ్చాక లెక్క మారింది. విడిభాగాలు దిగుమతి చేసుకుని బిగిస్తే సరిపోదు, ఇక్కడే తయారు చేయాల్సిందేనని 1953లో ప్రభుత్వం తేల్చి చెప్పింది. దాంతో రెండు కంపెనీలూ మూటాముల్లె సర్దుకున్నాయి. ఆ తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు మనకు కారంటే ఎక్కువగా అంబాసిడరే, లేదంటే పద్మినీ. తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉన్నా, 1960 ఏప్రిల్‌లో అప్పటి మద్రాసు రాష్ట్రంలో కలిసినా రోడ్డు మీద తిరిగే కార్లు మాత్రం మారలేదు.

గుమ్మం ముందే కార్ల ఫ్యాక్టరీలు

1991 ఆర్థిక సంస్కరణలతో తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. ఫోర్డ్ 1995లో మహీంద్రాతో జత కట్టి, మరుసటి ఏడాది నాసిక్ నుంచి ఎస్కార్ట్ కారును తెచ్చింది. 1998 వచ్చేసరికి చెన్నై చుట్టుపక్కల కార్ల పంట పండింది. ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ శాంత్రో మొదలుపెట్టింది. తిరువళ్లూరులో హిందుస్థాన్ మోటార్స్ మిత్సుబిషి లాన్సర్ తయారీకి దిగింది. అంటే అంబాసిడర్ చేసిన కంపెనీయే తిరువళ్లూరులో జపాన్ కారు చేసిందన్నమాట! అదే కంపెనీకి ఇక్కడున్న మట్టి తవ్వే యంత్రాల విభాగాన్ని తర్వాత అమెరికాకు చెందిన కేటర్‌పిల్లర్ కొనుక్కుంది. కాబట్టి తిరువళ్లూరు వాళ్లకు అమెరికా బోర్డు కొత్త కాదు.

ఫోర్డ్ మాత్రం చెన్నైకి దక్షిణాన మరైమలైనగర్‌ను ఎంచుకుంది. 1999లో అక్కడ కర్మాగారం ప్రారంభమైంది. అదే ఏడాది నవంబరులో ‘ఐకాన్’ మార్కెట్లోకి వచ్చింది. ప్రత్యేకంగా భారత్ కోసం మలిచిన కారది. కాలు పెడితే దూకే పికప్పు, రోడ్డును కరిచిపట్టుకునే పట్టు... కుర్రకారు దాని మీద మనసు పారేసుకున్నారు.

అయితే మోజు తీరాక లెక్కలు మొదలయ్యాయి. పెట్రోలు ఎక్కువ తాగుతుందని, విడిభాగాలకు జేబు ఖాళీ అవుతుందని పేరు పడింది. ‘ఏనుగును కొనొచ్చు గానీ మేపలేం’ అన్న మాట అమెరికా బండికి అతుక్కుపోయింది. పక్కనే మారుతి బండికి ఏ ఊళ్లోనైనా స్పేరు దొరుకుతుంటే, ఫోర్డ్ బండికి చెన్నై దాకా పోవాలంటే ఎవరికైనా కష్టమే కదా!

అమెరికాలోనూ ఇదే గొడవ

చెడ్డపేరు ఇక్కడే రాలేదు. అమెరికాలోనూ సొంత కార్ల మీద జనానికి నమ్మకం సడలిన కాలం ఉంది. 1973 చమురు సంక్షోభంతో పెట్రోలు ధర మండిపోయింది. పెద్ద పెద్ద అమెరికన్ కార్లను వదిలి జనం చిన్న జపాన్ కార్ల వెంట పడ్డారు. తక్కువ తాగుతాయి, ఊరికే చెడిపోవు అన్నదే జపాన్ కార్ల బలం.

దెబ్బ తగిలాక డెట్రాయిట్ పెద్దలు పాఠం నేర్చుకోక తప్పలేదు. జపాన్‌కు నాణ్యత పాఠాలు చెప్పిన అమెరికన్ నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్‌ను 1980ల ఆరంభంలో ఫోర్డ్ పిలిపించుకుంది. జనరల్ మోటార్స్ 1984లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో టయోటాతో కలిసి కార్లు చేయడం మొదలుపెట్టింది. అంతకుముందు అదే ఫ్యాక్టరీకి గొడవలకు, గైర్హాజర్లకు పెట్టింది పేరు. కార్మికుల్లో ఎక్కువమంది పాతవాళ్లే. పని పద్ధతి ఒక్కటే మారింది. లోపం కనబడితే తాడు లాగి లైను ఆపే హక్కు కార్మికుడికి ఇచ్చారు. తప్పును చివర్లో వెతకడం కాదు, పుట్టిన చోటే పట్టుకోవడం అన్నమాట. కార్ల నాణ్యత ఇట్టే పెరిగింది.

ఫలితం కనబడటానికి ఏళ్లు పట్టింది. కొన్న తొలి 90 రోజుల్లో వంద కార్లకు ఎన్ని లోపాలు బయటపడ్డాయో జె.డి.పవర్ సంస్థ ఏటా అమెరికాలో లెక్క తీస్తుంది. 2010లో ఆ లెక్క అమెరికన్ బ్రాండ్లకు 108, విదేశీ బ్రాండ్లకు 109గా తేలింది. తేడా ఒక్కటే! కానీ ఆ సర్వేలో సొంత బ్రాండ్లు విదేశీ వాటిని దాటడం అదే మొదటిసారి.

ఇక్కడి బండీ బాగుపడింది

సరిగ్గా అదే 2010లో మరైమలైనగర్ నుంచి ‘ఫిగో’ వచ్చింది. చిన్న కారు, అందుబాటు ధర. ఐకాన్ నాటి చెడ్డపేరును తుడిచేయాలని కంపెనీ గట్టిగానే ప్రయత్నించింది. ఒక ముక్క పాడైతే మొత్తం సెట్టు మార్చే పని లేకుండా, ఆ ముక్కనే విడిగా అమ్మడం మొదలుపెట్టింది. చిన్న మార్పే అయినా కొన్నవాళ్ల జేబుకు తెలిసిన మార్పు.

లోపాలు లేవని కాదు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ భారత కార్లను గోడకు గుద్ది పరీక్షిస్తే ఎయిర్‌బ్యాగుల్లేని ఫిగోకు సున్నా చుక్కలే వచ్చాయి. ఆల్టో, నానో, ఐ10, పోలోలదీ అదే గతి. ఆ మరుసటి ఏడాది వచ్చిన ఫిగో ఆస్పైర్‌లో మాత్రం తక్కువ ధర రకంతో సహా అన్నిటికీ ముందు రెండు ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు. అప్పటికి మన చట్టం ఎయిర్‌బ్యాగులను తప్పనిసరి చేయనే లేదు.

అసలు హీరో 2013లో వచ్చిన ఇకోస్పోర్ట్. నాలుగు మీటర్ల లోపు పొడవు, ఎత్తయిన నిలువు, గుంతల రోడ్లకు భయపడని చక్రాలు. ఇవాళ ప్రతి కంపెనీ అమ్ముతున్న చిన్న ఎస్‌యూవీలకు దారి చూపిన బండ్లలో అదొకటి. అంతకన్నా పెద్ద విశేషం ఇంకొకటుంది. 2018 నుంచి అమెరికాలో అమ్మిన ఇకోస్పోర్ట్‌లు ఇక్కడినుంచి ఓడెక్కి వెళ్లినవే! డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో మన తెలుగు కుర్రాడు కొన్న అమెరికా కారు మరైమలైనగర్‌లో పుట్టిందన్నమాట. ‘అమెరికా సరుకు’ అని మనం మురిసిన బండిని అమెరికావాళ్లు మన దగ్గర కొన్నారు.

మరెందుకు పోయారు?

బండి బాగుంటే చాలదని తేలింది. ఏళ్ల తరబడి అమ్మకాల్లో ఫోర్డ్ వాటా చిన్నదిగానే మిగిలిపోయింది. మారుతి, హ్యుందాయ్‌ల సర్వీసు సెంటర్ల బలగం ముందు నిలవలేకపోయింది. కొత్త మోడళ్లు తేవడంలోనూ వెనకబడింది. 2015లో గుజరాత్‌లోని సనంద్‌లో రెండో ఫ్యాక్టరీ పెట్టినా లెక్క కుదరలేదు. మహీంద్రాతో మళ్లీ కలుద్దామని 2019లో చేసుకున్న ఒప్పందం 2020 చివరి రోజున రద్దయింది.

చివరికి 2021 సెప్టెంబరు 9న కంపెనీ చేతులెత్తేసింది. పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చిందని, ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తామని ప్రకటించింది. దాదాపు 4 వేల మంది ఉద్యోగుల బతుకు ప్రశ్నార్థకమైంది. మెరుగైన పరిహారం కోసం 2022 వేసవిలో మరైమలైనగర్ కార్మికులు పని మానుకుని ఆందోళనకు దిగారు. జులైలో చివరి ఇకోస్పోర్ట్ బయటికొచ్చాక లైను ఆగిపోయింది. సనంద్ ఫ్యాక్టరీ 2023 జనవరిలో టాటాల చేతికి వెళ్లింది.

జనరల్ మోటార్స్ అంతకుముందే దుకాణం కట్టేసింది. దాని షెవర్లే టవేరా ట్రావెల్స్ వాళ్లకు ఇష్టమైన బండి. కాలుష్య నిబంధనల విషయంలో తప్పు జరిగిందని 2013లో ఆ కంపెనీయే 1.14 లక్షల టవేరాలను వెనక్కి పిలిచింది. 2017 చివరికి మన దేశంలో షెవర్లే అమ్మకాలు ఆగిపోయాయి.

ఉన్న బండ్ల మాటేమిటి?

‘స్పేర్లు దొరుకుతాయా అన్నా?’ పాత ఫోర్డ్ బేరానికొస్తే మెకానిక్ షెడ్డులో మొదట పడే ప్రశ్న ఇదే. విడిభాగాలు, సర్వీసు కొనసాగిస్తామని వెళ్లేటప్పుడు కంపెనీ మాటిచ్చింది. అధీకృత సర్వీసు సెంటర్లు పెద్ద ఊళ్లలో నడుస్తున్నాయి. కానీ కంపెనీ కొత్త బండి అమ్మడం లేదంటే పాత బండి ధర పడిపోవడం మామూలే. అమ్ముకునేవాడికి అది నష్టం, కొనేవాడికి లాభం. అందుకే చెన్నై పాత కార్ల బజారులో ఫోర్డ్ బండి కంటబడితే సరిహద్దు వాళ్లకు చేతులు దురద పెడతాయి.

అయితే తొందరపడి బయానా ఇవ్వొద్దు. సర్వీసు పుస్తకం మొత్తం తిరగేయాలి. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయితే దాన్నెప్పుడు మార్చారో బిల్లుతో సహా చూడాలి. కావాల్సిన ముక్క ఎన్ని రోజుల్లో తెప్పిస్తారో దగ్గర్లోని సర్వీసు సెంటరులో ముందే కనుక్కోవాలి.

ఆంధ్రా వైపు తీసుకెళ్లేవాళ్లకు ఇంకో పని ఉంది. తమిళనాడు నంబరు బండిని సరిహద్దు దాటించి పన్నెండు నెలలకు మించి అక్కడే ఉంచుకుంటే కొత్త నంబరు తీసుకోవాల్సిందే. దానికి ఇక్కడి ఆర్టీవో నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. అక్కడ పన్ను కట్టాలి. తక్కువ ధరకు దొరికిందని సంబరపడి ఈ ఖర్చు మరిచిపోతే మొదటికే మోసం.

మళ్లీ వస్తున్నారు... కానీ!

ఇప్పుడు మరైమలైనగర్‌లో మళ్లీ కదలిక వచ్చింది. ఎగుమతుల కోసం ఫ్యాక్టరీని తెరుస్తామని 2024 సెప్టెంబరులో ఫోర్డ్ తమిళనాడు ప్రభుత్వానికి తెలిపింది. 2025 అక్టోబరు 31న ఒప్పందం కుదిరింది. పెట్టుబడి 3,250 కోట్ల రూపాయలు. ఏటా 2.35 లక్షల ఇంజిన్లు తయారు చేస్తారు. 600 మందికి పైగా ఉద్యోగాలు వస్తాయని చెప్పారు. ఉత్పత్తి 2029లో మొదలవుతుంది.

ఉద్యోగం కోసం ఎదురుచూసే ఐటీఐ కుర్రాళ్లకు ఇది మంచి కబురే. కారు కోసం ఎదురుచూసే వాళ్లకు మాత్రం కాదు. చేసేది ఇంజిన్లు, పోయేది విదేశాలకు. మనకు అమ్మే కారు సంగతి ఆ ఒప్పందంలో లేదు.

ఫ్యాక్టరీ వచ్చినంత మాత్రాన అదే చోట శాశ్వతంగా ఉంటుందని లేదన్నది తిరువళ్లూరు వాళ్లకు తెలిసిన సంగతే. ఇసుజు బండ్లు మొదట తిరువళ్లూరులోని హిందుస్థాన్ మోటార్స్ ఫ్యాక్టరీలోనే తయారయ్యాయి. 2016లో శ్రీసిటీలో సొంత ఫ్యాక్టరీ కట్టుకుని ఆ కంపెనీ సరిహద్దు దాటింది. ఒక ఊరి నష్టం ఇంకో ఊరి లాభమైంది. అది జపాన్ కంపెనీ కథ, ఇది అమెరికా కంపెనీ కథ... నీతి ఒక్కటే.

సంబంధం చూసేటప్పుడు పిల్లాడు అందగాడా అని మాత్రమే కాదు, నిలకడ ఉన్నవాడా అని కూడా పెద్దలు అడుగుతారు. అమెరికా బండికి అందమూ వచ్చింది, సత్తువా వచ్చింది. రావాల్సింది నిలకడే. రెండుసార్లు వచ్చి రెండుసార్లు వెళ్లిపోయిన వాళ్లు మూడోసారి తలుపు తడుతున్నారు. పదేళ్ల తర్వాత కూడా స్పేరు మీ ఊళ్లోనే దొరుకుతుందని వాళ్లు నమ్మకం కలిగించిన రోజున, తిరుత్తణి కొండ దగ్గర నీలం గుర్తు బండి చక్రాల కింద మళ్లీ నిమ్మకాయలు పడతాయి.