డూప్లికేటు క్లెయిమని బీమా నిరాకరింపబడినచో చేయవలసినదేమి?

వ్యాధి దేహమునే కాక, కుటుంబము కూడబెట్టుకొన్న ధనమును గూడ హరించును. ఆ నష్టమునుండి రక్షణకే ఆరోగ్యబీమా ఏర్పడినది. ఐనను ప్రీమియము సక్రమముగా చెల్లించినవారికి సయితము కొన్నిసార్లు, ఈ క్లెయిము ఇదివరకే అందినది గనుక తిరస్కరింపబడినదని లేఖ వచ్చుచుండును. దానిని చూచి ఆశ వదలుకొనుట గాని, తొందరపడి అవే కాగితములను మరల పంపుట గాని తగదు.

నిరాకరణకు అర్థము

చికిత్సకు సొమ్ము చెల్లదని ఈ లేఖ తీర్పు చెప్పుట లేదు. రోగి పేరు, ఆసుపత్రి, తేదీలు, బిల్లు మొత్తము మరియొక క్లెయిముతో సరిపోయినవని మాత్రమే దాని భావము. ఒకే ఖర్చునకు రెండుమార్లు సొమ్ము పోకుండుటకు ఈ పరిశీలన అవసరమే. కాని నిజముగా వేరైన చికిత్సలు గూడ ఒక్కొక్కప్పుడు ఇందులో చిక్కుకొనును.

ఎట్లు సంభవించును?

మూత్రపిండములు చెడినవారు సాధారణముగా వారమునకు రెండు మూడుసార్లు డయాలిసిస్ చేయించుకొందురు. ఆసుపత్రి అదే, చికిత్స అదే, మొత్తమును అదే. తేదీ యొక్కటే భేదము. ఆ తేదీ తప్పుగా వ్రాయబడినచో రెండవ బిల్లు మొదటిదాని నకలుగా కనబడును. ఆసుపత్రి క్యాష్‌లెస్ పద్ధతిలో బిల్లు పంపియుండగా, ఇంటివారును అదే బిల్లునకు సొమ్ము కోరిన ఇట్లే జరుగును. బీమా సంస్థ అడిగిన ఒక్క పత్రమును పాత క్లెయిమునకు జతపరుపక, అన్నిటిని క్రొత్త క్లెయిముగా పంపుట మరియొక కారణము.

చేయవలసిన పని

ముందుగా మొదటి క్లెయిము సంఖ్యను, దాని స్థితిని బీమా సంస్థను లిఖితపూర్వకముగా అడుగవలెను. పిమ్మట:

1. సొమ్ము చెల్లింపబడియున్నచో, ఎవరికి, ఎంత, ఏ తేదీన అని తెలిసికొనవలెను. ఆసుపత్రికి చెల్లింపబడి, అదే సొమ్మును మీ వద్దను వసూలు చేసియున్నచో, ఆసుపత్రినుండి వాపసు కోరవలెను.

2. క్లెయిము విచారణలో నున్నచో, తక్కువైన పత్రములను ఆ సంఖ్యతోనే పంపవలెను.

3. మొదటి క్లెయిమే తిరస్కరింపబడియున్నచో, కారణమును తెలిసికొని పునఃపరిశీలన కోరవలెను.

4. చికిత్స వేరైనచో, రెండు బిల్లుల సంఖ్యలను, తేదీలను ప్రక్కప్రక్కన వ్రాసి, డిశ్చార్జి సమ్మరీని గాని, ఆసుపత్రి ధ్రువపత్రమును గాని జతపరుపవలెను.

రెండు పాలసీలున్నవారు మొదటి సంస్థ ఇచ్చిన చెల్లింపు పత్రమును చూపి, మిగిలిన ఖర్చును రెండవ సంస్థను కోరవచ్చును. ఆసుపత్రి ఖర్చును భరించు పాలసీలలో, రెండును కలిపి అసలు ఖర్చును మించరాదు.

న్యాయము జరుగనిచో

సంస్థయొక్క ఫిర్యాదుల అధికారికి వ్రాయవలెను. ఒక నెలలో జవాబు రాకున్నను, వచ్చినది తృప్తికరము కాకున్నను, 2017 నాటి నిబంధనల ననుసరించి బీమా అంబుడ్స్‌మన్‌ నాశ్రయింపవచ్చును. దీనికి రుసుము లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులకు ఈ కార్యాలయము హైదరాబాదులో గలదు. సంస్థ తిరస్కరించిన నాటినుండి ఒక సంవత్సరములోగా ఫిర్యాదు చేయవలెను. అవే కాగితములను మరల మరల పంపుచు కాలము గడపినచో ఈ గడువు దాటిపోవును.

2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనలో క్లెయిమును ఆసుపత్రియే పంపును, రోగి పంపనక్కరలేదు. అట్టి చికిత్సకు ఆసుపత్రి సొమ్ము అడిగినచో 14555 సంఖ్యకు తెలుపవచ్చును.

అసలు పత్రములను పంపుటకు ముందే ప్రతులు తీసి, క్లెయిము సంఖ్యను వానిపై వ్రాసి భద్రపరుపవలెను. అవసరము కలిగిననాడు అవియే మీకు సాక్ష్యము.