ఉప్పు - బుద్ధిబలము

ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా నుండి విశ్రమించితిని. నేటి ప్రసంగమునకు ముందు నా తప్పొకటి చెప్పుకొందును. నా తరగతిలో నొక బాలు డుండెడివాడు. వాని మెడ వాచియుండెడిది. మాటయు నడకయు మందము. ఎన్నిమార్లు చెప్పినను పాఠము పట్టుబడకుండెను. ‘మొద్దు’ అని నలుగురిలో గద్దించితిని. ‘పూర్వజన్మకర్మము, బాబూ’ అని వాని తల్లి కన్నీరు పెట్టగా, ఔనంటిని. మెడవాపును గలగండ మందురని చదివిన నాకు, ఆ వాపునకును ఆ మాంద్యమునకును సంబంధ ముండవచ్చునని తోచలేదు.

కంఠమందు థైరాయిడ్ అను గ్రంథి కలదు. అది అయొడిన్ అను ద్రవ్యముతో నొక రసమును తయారుచేయును. గర్భస్థశిశువు మెదడు పెరుగుటకు ఆ రసము అత్యావశ్యకము. అయొడిన్ చాలనిచో గ్రంథి అధికముగా శ్రమించి ఉబ్బును. తల్లికి లోపము మిక్కుటమైనచో బిడ్డ మందమతిగానో, మూగ చెవుడులతోనో పుట్టవచ్చును. ఆ నష్టము పిదప పూర్తిగా తీరదు. పెద్దలయందును ఆ రసము తగ్గినచో బద్ధకము, మతిమరుపు, దిగులు కలుగును. చూచువారు సోమరితన మందురు, లేదా గాలి సోకిన దందురు.

ఇంతకును పెద్దవారికి దినమునకు వలయునది 150 మైక్రోగ్రాములు. 70 ఏండ్లకు లెక్కించినను 4 గ్రాములకు మించదు! గర్భిణులకు మాత్రము కొంత హెచ్చు కావలెను.

శ్రీకాకుళమున 1921లో జన్మించిన వైద్యవర్యులు వులిమిరి రామలింగస్వామిగారు, 1956లో ప్రారంభమైన పరిశోధనయందు, నేటి హిమాచలప్రదేశములోని కాంగ్రాలోయలో అయొడిన్ కలిపిన ఉప్పును కొన్ని గ్రామములకును, మామూలు ఉప్పును మరికొన్నిటికిని ఇప్పించి చూచిరి. కొన్ని యేండ్లలోనే మొదటి గ్రామముల గలగండము బాగుగా తగ్గెను. 1962లో దేశవ్యాప్తముగా నివారణకార్యక్రమము మొదలయ్యెను.

‘మనది సముద్రపు టుప్పే కదా’ యని మీరడుగవచ్చును. సముద్రజలమునందు అయొడిన్ స్వల్పము. ఉప్పుగా పండినపుడు నిలుచునది మరింత స్వల్పము. కావున అయొడిన్ కలిపిన ఉప్పునే అడిగి కొనుడు. మూతగల జాడీలో, ఎండయు తేమయు తగులకుండ నుంచుడు. వంట ముగియునపుడు వేయుట మేలు. ఉప్పు అధికముగా తినుడని నా భావము కాదు, ఉన్నదానినే మార్చుకొనుడు.

మనోవ్యాధు లన్నిటికిని ఇదియే కారణము కాదు. మెడవాపో, చిరకాలపు మాంద్యమో కనబడినచో వైద్యునికి చూపుడు. ఏ బిడ్డనైనను మొద్దని పిలుచుటకు ముందు, వాని మెడ చూడుడు. మీ యింటి ఉప్పుజాడీ చూడుడు. నేనానాడు చూడనైతిని. సెలవు.