పైమంచం నీదే బామ్మర్దీ!

కొండగట్టు అంజన్న సన్నిధిలో సినిమావాళ్ళ పేర్లు వినబడటం కొత్తేమీ కాదు. 2023 జనవరి 24న పవన్ కల్యాణ్ తన వారాహి వాహనానికి పూజ చేయించింది ఇక్కడే. ఇక ఆనాటి జనం సంగతి వేరే చెప్పాలా! కానీ నేను చెప్పబోయే ముచ్చటలో తారలెవ్వరూ లేరు. ఒక బావ, ఒక బామ్మర్ది, ఒక తల్లి. అంతే. అయినా దీన్ని సినిమా పత్రికకే రాయాలనిపించింది. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మొన్నొక మంగళవారం దర్శనం చేసుకుని వచ్చి చెట్టుకింద కూచున్నాను. కోతులకు జడిసి కొబ్బరిచిప్ప చొక్కా లోపల దాచుకుంటుంటే పక్కనున్న కుటుంబం పకపకా నవ్వింది. అలా కలిసింది మాట. జగిత్యాల వైపు పల్లెవాళ్ళు. కుర్రాడికి ఇరవైమూడేళ్ళు. పదిరోజుల్లో దుబాయి ప్రయాణం. తల్లి ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో అతని పాస్‌పోర్టు. స్వామికి చూపించి తెచ్చుకున్నారట. ఏజెంటుకు కట్టిన సొమ్ములో సగం అప్పే. అది అడక్కుండానే చెప్పారు.

ఈ ప్రాంతంలో ఇందుకు ఎవరూ ఆశ్చర్యపోరు. 1970లలో చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాలలో కట్టడాలు ఊపందుకున్న దగ్గర్నుంచి కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పల్లెల మగవాళ్ళు అటే పోతున్నారు. మస్కట్ పోయినా, కువైట్ పోయినా ఇక్కడివాళ్ళు "దుబాయి పోయిండు" అనే అంటారు!

తల్లి, కూతురు ప్రసాదం కోసం లేచి వెళ్ళారు. అంతవరకూ నవ్వుతూ ఉన్న బావ గొంతు తగ్గించాడు. ఆయన పద్నాలుగేళ్ళు అక్కడ పనిచేసి వచ్చిన మనిషి.

"ఇగ సూడు బామ్మర్దీ. పోంగనే నీకు పైమంచమే ఇస్తరు. కిందిమంచం పాతోళ్ళది. ఎవడన్న ఇంటికి పోతెనే అది దొరుకుతది. ఏసీ గాలి సక్కగ మొఖానికే కొడ్తది. అటు తలకాయ పెట్టకు, కాళ్ళు పెట్టు."

"రూముల ఎంతమంది ఉంటరు బావా?"

"ఎనిమిది మంది. ఒక్కోకాడ ఎక్కువనే. నీ ఇల్లు అంటే గా మంచమే అనుకో. పరుపుకింద కాయితాలు, మెత్తకింద ఫోను, మంచం కోడుకు చెప్పుల సంచి. పండుకునే ముందుగాల సందులల్ల నల్లులున్నయా సూసుకో."

ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు. కార్మికుల వసతికి ఆ దేశంలో 2009లో నిబంధనలు పెట్టారు. వాటి ప్రకారం మనిషికి కనీసం 3 చదరపు మీటర్ల చోటివ్వాలి. మన లెక్కలో ముప్పైరెండు చదరపు అడుగులు. రెండు నులకమంచాలు పక్కపక్కన వేస్తే దాదాపు అయిపోయే జాగా! అదీ నిబంధన సరిగ్గా అమలైన చోట సంగతి.

"వంట వస్తదా నీకు? రాదా? ఈ పదిరోజులల్ల పప్పన్న నేర్సుకో. వంట రానోనికి బోళ్ళు తోముడు పడ్తది. ఇంకోటి. అత్త మామిడికాయ తొక్కు పెట్టిస్తది గద, సీసల వద్దు, పలుగుతది. ప్లాస్టిక్ డబ్బల పెట్టించు. పోయిన రాత్రే మూత తీసి అందరికి ఎయ్యి. దాసుకుని తిన్నవనుకో, ఏడాదైనా నువ్వు గా రూముకు కొత్తోనివే."

నేను నోట్‌బుక్ తీసి రాసుకుంటుంటే ఆయన ఆగలేదు గానీ నవ్వాడు. "ఏందన్నా, సినిమా తీస్తరా?"

తీసేవాళ్ళుంటే బాగానే ఉండును! మన తెరమీద విదేశంలో కొత్త ఇల్లంటే ఎలా ఉంటుందో పాఠకులకు నేను చెప్పాలా? విమానం దిగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. తెల్ల సోఫా, అద్దాల గోడ, అవతల సముద్రం. ఐదు నిమిషాల్లో పాట. 2007లో శ్రీను వైట్ల తీసిన "దుబాయ్ శీను"లో రవితేజ బృందం దుబాయి కలతో బయల్దేరి బొంబాయిలోనే చిక్కుకుపోతుంది. కడుపుబ్బ నవ్వించిన సినిమా, కాదనను. కానీ ఏజెంటు మాట నమ్మి బొంబాయిలో వీసా కోసం పడిగాపులు కాసినవాళ్ళు మా జిల్లా హాళ్ళలో ఆ నవ్వుల మధ్యే కూచుని ఉంటారు.

2017లో పి. సునీల్‌కుమార్ రెడ్డి "గల్ఫ్" అనే పేరుతోనే ఒక చిత్రం తీశారు. మలయాళం వాళ్ళు ఇంకా ముందున్నారు. సలీం అహమద్ దర్శకత్వంలో మమ్ముట్టి నటించిన "పత్తేమారి" 2015లో వచ్చింది. 2024 మార్చిలో వచ్చిన "ఆడుజీవితం" తెలుగులోనూ విడుదలైంది. ఎడారిలో మేకల మధ్య పృథ్వీరాజ్‌ను చూసి ఏడవనివాళ్ళు తక్కువ. మోసం, చెర, పారిపోవడం, శవపేటిక... ఇవన్నీ తెరకెక్కాయి. ఎక్కవలసినవే. కానీ మోసమేమీ జరగకుండా, జీతం వస్తూనే, ఒక మనిషి పైమంచం మీద ఇల్లు కట్టుకోవడం నేను చూసినంతలో ఎవరూ తీరిగ్గా చూపలేదు. ఫైటింగు లేదు, డ్యూయెట్ లేదు. నిర్మాత ఏం చేసుకుంటాడు పాపం!

మా ఇంట్లోనే ఒక సాక్ష్యం ఉంది. మా పెద్దబాపు 1980లలో మస్కట్‌లో పనిచేశాడు. ఉత్తరం రాయడం సరిగా రాక క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికొచ్చే వాళ్ళ చేత పంపేవాడు. ఖాళీ క్యాసెట్ కొనడం దండగని, సినిమా పాటల క్యాసెట్ మీది రెండు చిల్లులకూ కాగితం అతికించి దానిమీదే తన గొంతు ఎక్కించాడు. ఆ రోజుల్లో టూ ఇన్ వన్ ఉన్నవాళ్ళందరికీ తెలిసిన కిటుకే ఇది. టేపు వేస్తే పెద్దబాపు వరి సంగతి, బర్రె సంగతి అడుగుతుంటాడు. వెనక కూలర్ చప్పుడు. మధ్యలో ఇంకెవరో హిందీలో లైటు ఆర్పమంటారు. "అయిపోయింది, అయిపోయింది" అని వీళ్ళకో వాళ్ళకో చెబుతాడు. టక్కుమని ఆగుతుంది. ఆ వెంటనే పాత పాట సగంలోంచి పెద్దగా అందుకుంటుంది! చిన్నప్పుడు మేము ఆ పాట కోసమే టేపు వినేవాళ్ళం. ఆ గదిలో ఎంతమంది పడుకున్నారో అడగాలని మాకెవరికీ తోచలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

మళ్ళీ చెట్టుకిందికి వద్దాం.

"అన్నిటికన్న ముఖ్యం, మంచానికి కర్టెన్ కట్టుకో," అన్నాడు బావ. "ఒకడు తెల్లారగట్ల నాలుగ్గొట్టంగ డ్యూటీకి లేస్తడు, ఒకడు అర్ధరాత్రి వస్తడు. లైటు ఎప్పుడు ఎలుగుతనే ఉంటది. లోపల ఇయర్‌ఫోన్ పెట్టుకుని సినిమా సూసుకున్నా, ఏడ్సినా ఎవడు అడగడు. వాట్సాప్‌ల మాట్లాడుడు ఆడ నడ్వది. బోటిం అని ఉంటది, అండ్ల మాట్లాడాలె. అత్తకు వీడియో చేసినప్పుడు ఫోను మొఖానికి దగ్గర పట్టుకో. ఎనుక కర్టెనే కనపడాలె. మంచం ఇనుపరాడు కనపడొద్దు, మీది సీలింగు కనపడొద్దు. లేసి కూసుంటె నెత్తి తాకుతది, జర వంగి కూసో. నవ్వు."

ఆర్ట్ డైరెక్టర్ సెట్ వేసేదాకా, కెమెరామన్ ఫ్రేము పెట్టేదాకా అంతా ఒక్క మనిషే! పద్నాలుగేళ్ళు ఆయన అలాంటి షాట్‌లోనే భార్యకు కనిపించాడన్నమాట. ఆ మాట పైకి అనలేదు నేను.

కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "కర్టెన్ ఆడ దొరుకుతదా, ఈడికెళ్ళే కొండవోవాల్నా?" అని మాత్రం అడిగాడు.

"ఆడ పిరం. ఈన్నే కొను."

జగిత్యాల దాకా అందరం ఒకే ఆటోలో వచ్చాం. బస్టాండుకు పోవలసినవాణ్ణి, వాళ్ళతోపాటు బట్టల దుకాణం దగ్గర దిగాను. తల్లికి నీలం మీద తెల్లపూల గుడ్డ నచ్చింది. కుర్రాడు మురికి కనబడనిది కావాలన్నాడు. చివరికి నీలమే నెగ్గింది. దుకాణాయన మీటరు కర్ర చేతిలోకి తీసుకుని, "కిటికీకా, దర్వాజకా?" అని అడిగాడు.

కుర్రాడు బావ మొహం చూశాడు. బావ వీధిలోకి చూస్తున్నాడు.

"కిటికీకే," అంది తల్లి. "పొల్లగానికి ఆడ రూముల పెద్ద కిటికీ ఉన్నదట. ఎండ బాగ కొడ్తదట. జర ఎక్కువనే కొయ్యి నాయినా."

రెండున్నర మీటర్లు కోయించుకున్నారు.