తొమ్మిది అక్షరాలు, ముప్పై సెకన్లు

బ్రిటన్‌లో చానల్ 4 ప్రసారాలు 1982 నవంబరు 2న మొదలయ్యాయి. ఆ రోజు ముందుగా తెరమీదికి వచ్చింది వార్తలు కాదు, సినిమా కాదు, ఒక అక్షరాల ఆట. దాని పేరు ‘కౌంట్‌డౌన్’. ఇద్దరు ఆటగాళ్లు ఎదురెదురు. హల్లు కావాలో అచ్చు కావాలో ఒకరు అడుగుతుంటే ఒక్కో అక్షరమే బోర్డు ఎక్కుతుంది. తొమ్మిదీ నిండగానే గడియారం కదులుతుంది. 30 సెకన్లలో ఆ అక్షరాలతో వీలైనంత పొడుగు ఇంగ్లిష్ మాట పట్టుకోవాలి. అక్షరానికో పాయింటు, తొమ్మిదీ వాడేస్తే రెట్టింపు. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు చెల్లవు. చెప్పిన మాట ఉందో లేదో పక్కనే నిఘంటువుతో కూర్చున్నవాళ్లు తేలుస్తారు. 1992 నుంచి ఆ మూల సూసీ డెంట్‌ది. ఆట పుట్టిల్లు మాత్రం ఫ్రాన్స్. అక్కడ అర్మాన్ జమ్మో 1965లోనే దీన్ని టీవీకెక్కించాడు.

చూసేవాళ్లకి ఇది పదసంపదకు పరీక్షలా కనిపిస్తుంది. నాకలా అనిపించదు. ఇక్కడ చేజారిపోయేవి చాలావరకు మనకు బాగా తెలిసిన మాటలే.

ఏ, సి, ఇ, హెచ్, ఓ, ఆర్, ఆర్, ఎస్, టి. ఈ తొమ్మిదింట్లో ‘సెర్చ్’ త్వరగానే కనిపిస్తుంది. ఆరు అక్షరాలు. ఇంకాస్త వెతికితే ‘టార్చెస్’, ఏడు. రెండో ఆర్‌ని కూడా కలుపుకుంటే ‘చార్టర్స్’, ఎనిమిది. చాలామంది అక్కడ ఆగిపోతారు. సి పక్కన హెచ్ చేరితే చాలు, చెవిలో ‘చ’ మోగుతుంది మరి. పై మూడు మాటల్లోనూ ఉన్నది ఆ చకారమే. ఆ మోతను పక్కనబెట్టి, అదే జంటను ‘క’ అనుకుని చూడండి. ‘ఆర్కెస్ట్రా’ వస్తుంది, తొమ్మిదీ ఖర్చయిపోతాయి. జంటనే విడదీసి, సి ని మొదట్లో నిలబెట్టి, హెచ్‌ని నడిమికి పంపితే ‘కార్ట్‌హార్స్’. బండి లాగే గుర్రం. అదీ తొమ్మిదే.

తెలుగులో అక్షరాలు దిద్దుకున్నవాళ్లకి ఈ విడదీయడం ఇంకొంచెం కష్టమని నా అభిప్రాయం. మన లిపిలో రాసిందే పలుకుతాం, పలికిందే రాస్తాం. ‘కో’ అని రాస్తే హల్లూ అచ్చూ ఒకటైపోయి ఉంటాయి. ఆ ఓత్వాన్ని ఊడదీసి ఇంకోచోట తగిలించాలన్న ఊహే రాదు. ఇంగ్లిష్ అక్షరం అలా కాదు, పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి గొంతు మార్చేస్తుంది. పొడుగు మాట కావాలంటే ముందు చెవి మూసుకుని కంటితో చూడాలి.

ఇక పొడుగు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎక్కువగా అతుకుల నుంచి. తోకలు ‘ఇంగ్’, ‘షన్’, ‘నెస్’, ‘ఎడ్’. ముందుచేర్పులు ‘రీ’, ‘అన్’, ‘ఓవర్’. చేయి తిరిగిన ఆటగాళ్లు వీటిని ముందే ఓ పక్కకు తీసిపెట్టి, మిగిలినవాటిలో మాట వెతుకుతారు. ఏ, ఇ, జి, ఐ, ఎల్, ఎన్, ఆర్, టి అనే ఎనిమిదినీ తీసుకోండి. ‘ఇంగ్’ పక్కన పెడితే ‘ఆల్టరింగ్’, ‘అలర్టింగ్’, ‘రిలేటింగ్’ వరుసగా వచ్చేస్తాయి. ఆ ఆనందంలో తోకను వదలకుండా పట్టుకున్నవాళ్లకి అవే ఎనిమిదితో ‘ట్రయాంగిల్’, ‘ఇంటిగ్రల్’ ఉన్నాయని తట్టదు. అతుకును పట్టుకోవడం ఎంత అవసరమో, వేళకు వదిలేయడమూ అంతే అవసరం.

ధ్వనినీ అర్థాన్నీ పూర్తిగా వదిలేస్తే ఎంతదూరం పోవచ్చో న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ చూపించాడు. అక్షరాల బిళ్లలతో మాటలు పేర్చే ఆట స్క్రాబుల్. 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు, 2024లో స్పానిష్‌ది గెలిచాడు. ఆ రెండు భాషలూ ఆయన మాట్లాడలేడు. ఆ జ్ఞాపకశక్తికి దండం పెడతాను. అయినా మాట దొరికిన వెంటనే దాని పుట్టుక కథ చెప్పే సూసీ డెంట్ పక్షానే నా మనసు.

స్క్రాబుల్‌ని తయారుచేసిన ఆల్ఫ్రెడ్ బట్స్ న్యూయార్క్ ఆర్కిటెక్టు. 1930ల ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయింది. వార్తాపత్రికలు ముందేసుకుని, ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో చేత్తో లెక్కగట్టాడు. వంద బిళ్లల్లో ఇ కి పన్నెండు దక్కాయి. క్యూ, జెడ్‌లకు చెరొకటే, విలువ మాత్రం పదేసి. ఎస్ నాలుగే, ఎందుకంటే ప్రతి మాట చివరా దాన్ని తగిలించి బహువచనం చేసేస్తే ఆటలో పస ఉండదు. ఎనభై ఏళ్లు దాటినా ఆ లెక్క చెక్కుచెదరలేదు.

కంప్యూటర్‌కి ఇదంతా క్షణం పని. నిఘంటువులోని ప్రతి మాట అక్షరాలనూ అకారాది వరుసలో పేర్చి పెట్టుకుంటుంది. అప్పుడు ‘ఆర్కెస్ట్రా’, ‘కార్ట్‌హార్స్’ రెండూ ఒకే వరుసగా మారిపోతాయి. మనం ఇచ్చిన అక్షరాలనూ అలాగే పేర్చి, సరిపోయే వరుస తీస్తే చాలు. ఫలానా అక్షరాలు ఉండి తీరాలంటే, ప్రతి మాటకూ ఇరవై ఆరు గడుల పట్టీ కట్టి, ఉన్న అక్షరానికి గుర్తు పెట్టి పోల్చుకుంటుంది. పోటీలకు తయారయ్యే స్క్రాబుల్ ఆటగాళ్లూ మాటల అక్షరాలను ఇలాగే అకారాది వరుసలో పేర్చుకుని కంఠతా పడతారు.

కేవలం పొడుగే కావాలంటే ‘న్యూమొనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కేనోకోనియోసిస్’ ఉంది. 45 అక్షరాల ఊపిరితిత్తుల జబ్బు. అమెరికాలోని నేషనల్ పజ్లర్స్ లీగ్ అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ 1935లో పొడుగు కోసమే దాన్ని అల్లాడు. నిఘంటువుల్లోకీ ఎక్కింది. నాకది వెతికి పట్టిన మాటలా తోచదు. ‘అన్‌కాపీరైటబుల్’ చూడండి, 15 అక్షరాలు, ఒక్కటీ రెండోసారి రాదు. ‘ఫెసీషియస్’లో ఐదు అచ్చులూ ఏ, ఇ, ఐ, ఓ, యు వరుసలోనే ఉన్నాయి. ‘స్ట్రెంగ్త్స్’లో తొమ్మిది అక్షరాలకు ఒకే ఒక్క అచ్చు. ఇవన్నీ వాడుకలో మామూలుగా తిరిగే మాటలు. డిమిట్రీ బోర్గ్‌మన్ 1968లో ప్రారంభించిన ‘వర్డ్ వేస్’ పత్రిక ఇలాంటివాటిని ఏరి చూపించడానికే 2020 దాకా నడిచింది.

ఈ ఆదివారానికి మీకూ తొమ్మిది అక్షరాలు: ఏ, సి, డి, ఇ, ఐ, ఎన్, ఓ, టి, యు. తొమ్మిదీ వాడే మాటలు మూడున్నాయి. రెండింటికి ‘ఎడ్’ తోక, మూడోదానికి ‘షన్’. గడియారం అక్కర్లేదు, కాగితం పెన్సిలూ చాలు.